పారల కోసం కొట్లాట

1933 అక్టోబరు నెలాఖరు. అమెరికా ఉత్తరపు అంచున, కెనడా సరిహద్దును ఆనుకుని ఉన్న నార్త్ డకోటా రాష్ట్రంలో బాటినో కౌంటీ. మైదానం మీదుగా గాలి ఈడ్చి కొడుతోంది. ఒక చర్చి దగ్గర రైతులు పోగయ్యారు. ఒంటి మీద ఉతికి ఉతికి పల్చబడిపోయిన నూలు బట్టలు. చలికోటు ఉన్నవాడు అరుదు. సర్కారు ఏదో సాయం చేస్తుందట, వాషింగ్టన్ నుంచి ఒకావిడ వచ్చి సంగతులు కనుక్కుంటోందట.

ఆవిడ పేరు లొరీనా హికాక్. వయసు 40. అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థలో మగ విలేకరులకు దీటుగా పెద్ద వార్తలు రాసి పేరు తెచ్చుకున్న మనిషి. ఆ ఏడాదే ఆ ఉద్యోగం వదిలేసి సర్కారు పని మీద ఊళ్లు పట్టి తిరుగుతోంది. మాటలు ముగించుకుని బయటికొచ్చి కారు ఎక్కబోతే లోపల ఖాళీ లేదు. అద్దాలన్నీ బిగించుకుని, ఒకరినొకరు ఒత్తుకుని కూర్చున్న రైతులు. ఆమెను చూసి క్షమించమన్నారు. చలికి ఆగలేక, కాస్త వెచ్చగా ఉంటుందని దూరామన్నారు.

వాళ్లు దేశదిమ్మరులేమీ కారు. భూములున్నవాళ్లు. దేశానికి గోధుమలు పండించి పెట్టినవాళ్లు. 1929లో బుషెలుకు డాలరు పలికిన గోధుమ 1932కల్లా 40 సెంట్ల కిందికి జారిపోయింది. పంట చేతికొస్తే కోత ఖర్చు రాదు, రాకపోతే అసలే లేదు. మన దగ్గర ధర పడిపోయిన ఏడు టమాటా రైతు తోటలోనే కాయ వదిలేస్తాడు చూడండి, ఆ లెక్క. కాకపోతే వాళ్లకు అది ఒక్క ఏడాదితో పోలేదు.

హికాక్ ఈ కారు సంగతి జాబులో రాసి వాషింగ్టన్ పంపింది. ఆ జాబులు చదివే మనిషి ఆమెను పంపేటప్పుడే ఒక మాట చెప్పాడు. అంకెలు వద్దు, చూసింది చూసినట్టు, మామూలు మనిషిగా నీకేమనిపించిందో అది రాయమన్నాడు. అంకెలు చెప్పేవాళ్లు ఆయన చుట్టూ కావలసినంతమంది ఉన్నారు.

ఆయన హ్యారీ హాప్కిన్స్.

పుట్టింది 1890లో, అయోవా రాష్ట్రం సూ సిటీలో. ఈ ఊరి పేరు గుర్తుపెట్టుకోండి, కథ మళ్లీ అక్కడికి వెళ్తుంది. తండ్రి గుర్రాలకు జీనులు, కళ్లేలు కుట్టి అమ్మేవాడు. కొడుకు చదువు ముగించి న్యూయార్క్ మురికివాడల్లో సేవాసంస్థల కొలువులో చేరాడు. సన్నటి మనిషి, నలిగిన సూటు, వేళ్ల మధ్య ఆరని సిగరెట్టు, గుర్రప్పందేల పిచ్చి. న్యూయార్క్ గవర్నరుగా ఉన్నప్పుడు ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్ 1931లో తన రాష్ట్రంలోని నిరుద్యోగుల కోసం ఒక సహాయ సంస్థ పెడితే, దాన్ని నడిపింది ఈయనే.

1933 మార్చి 4న రూజ్వెల్ట్ అధ్యక్షుడిగా ప్రమాణం చేసే పొద్దుటికి దేశంలో చాలా రాష్ట్రాల్లో బ్యాంకులు మూతపడి ఉన్నాయి. ఆరో తేదీన ఆయనే దేశమంతటా బ్యాంకులకు సెలవు ప్రకటించాడు. పనిచేయగల ప్రతి నలుగురిలో ఒకరికి పనిలేదు. లెక్క కడితే దాదాపు 1 కోటి 28 లక్షల మంది. అంతకుముందు అధ్యక్షుడు హెర్బర్ట్ హూవర్ చెడ్డవాడేమీ కాదు. మొదటి ప్రపంచయుద్ధంలో బెల్జియం జనానికి తిండి అందించినవాడు. కానీ సొంత దేశంలో ఆకలి తీర్చడం ధర్మసంస్థల పని, ఊరి మునిసిపాలిటీల పని అని గట్టిగా నమ్మాడు. ధర్మసంస్థల పెట్టెలు అడుగంటాయి, మునిసిపాలిటీలు దివాలా తీశాయి, ఆయన నమ్మకం మాత్రం చెక్కుచెదరలేదు.

మే 12న కాంగ్రెస్ 50 కోట్ల డాలర్లతో సహాయ చట్టం చేసింది. ఆ డబ్బును రాష్ట్రాలకు పంచే సంస్థకు హాప్కిన్స్ అధిపతి. మే 22న కొలువులో చేరాడు. గదిలోకి సామాను ఇంకా చేర్చలేదు. బల్ల వరండాలోనే ఉంది. కూలీలు దాన్ని లోపలికి మోసేదాకా ఆగడం ఆయన వల్ల కాలేదు. అక్కడే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. గవర్నర్లకు తంతులు వెళ్లాయి. రెండు గంటలు తిరిగేసరికి ఇల్లినాయ్, మిషిగన్, అయోవా, టెక్సాస్ వంటి ఏడు రాష్ట్రాలకు 50 లక్షల డాలర్లకు పైగా మంజూరయ్యాయి. ఈ వేగమే సాగితే 50 కోట్లు నెల కూడా రావని మర్నాడు వాషింగ్టన్ పోస్ట్ వాపోయింది.

దీర్ఘకాలంలో ఆర్థిక వ్యవస్థ దానంతటదే సర్దుకుంటుందని ఎవరో ఆయనకు నచ్చజెప్పబోతే, జనం దీర్ఘకాలంలో తినరు, రోజూ తింటారు అన్నాడట. ఆ మాట అమెరికా రాజకీయాల్లో నిలిచిపోయింది. మనిషి ఎలాంటివాడో చెప్పడానికి ఆ ఒక్క వాక్యం చాలు. అయితే నాకు ఆ మాట కంటే వరండాలో ఆ బల్లే ఎక్కువ నమ్మకంగా కనిపిస్తుంది.

డబ్బు వెళ్లింది. మరి అది ఇంటికి ఏ రూపంలో చేరింది?

ఒక ఇంటిని ఊహించుకుందాం. పేరు అక్కర్లేదు, అలాంటివి లక్షలున్నాయి. ఫ్యాక్టరీలో పదిహేనేళ్లు పనిచేసిన మిషను పనివాడు. ఫ్యాక్టరీ మూతపడి మూడేళ్లు. దాచుకున్నది బ్యాంకుతోపాటు పోయింది. పెళ్లి ఉంగరం అమ్మారు, బీమా వదులుకున్నారు, కిరాణా కొట్టువాడు అరువు ఆపేశాడు. ఇక తప్పక సహాయ కార్యాలయానికి వెళ్తాడు. వరసలో నిలబడతాడు. తెలిసినవాళ్లు ఎదురైతే తల తిప్పుకుంటాడు. మర్నాడు ఒక ఉద్యోగి ఇంటికొచ్చి తనిఖీ చేస్తుంది. వంటింటి అల్మారా తెరిపిస్తుంది. పిండి ఎంత ఉంది, బొగ్గు ఎంత ఉంది, అన్నదమ్ముల్లో ఎవరైనా సాయం చేయగలరా, రేడియో ఎప్పుడు కొన్నారు. అన్నీ అయ్యాక చేతికొచ్చేది డబ్బు కాదు, సరుకుల చీటీ. ఫలానా కొట్లో ఫలానా సరుకులు. భార్యకు పిల్లాడి బూట్లు కావాలి, చీటీలో బీన్సు రాసి ఉంటాయి.

హాప్కిన్స్‌కు ఈ తతంగం ఒళ్లుమంట. ఇరవై ఏళ్లు ఈ పనిలోనే ఉన్నవాడు కాబట్టి దాని లోపలి సంగతి తెలుసు. పని చేతనైనవాడికి చీటీ ఇస్తే కడుపు నిండుతుంది, ఇంట్లో అతని మాట చెల్లకుండా పోతుంది. పని ఇచ్చి కూలి ఇవ్వాలి. కానీ పనులు ఆయన చేతిలో లేవు. అవి హెరాల్డ్ ఇక్స్ చేతిలో ఉన్నాయి.

ఇక్స్ అంతర్గత వ్యవహారాల మంత్రి. ప్రభుత్వ నిర్మాణాల కోసం కాంగ్రెస్ ఇచ్చిన 330 కోట్ల డాలర్లు ఆయన దగ్గరున్నాయి. వంతెనలు, ఆనకట్టలు కట్టాలి. ఇక్స్ నిజాయితీపరుడు, అనుమానప్పక్షి కూడా. ఒక్క డాలరు దుర్వినియోగం కాకూడదని ప్రతి నక్షా, ప్రతి కాంట్రాక్టూ తనే తిరగేసేవాడు. ఆయన సంస్థ కట్టించినవి గట్టివి, దశాబ్దాలు నిలిచాయి. తప్పుపట్టడానికి లేదు. ఇంతలో చలికాలం ముంచుకొచ్చింది. ఫైలు కదలలేదు. బాటినో రైతులు కారులోకి ఎక్కిన రోజులవి.

ఆ అక్టోబరు చివర్లో హాప్కిన్స్ చికాగో మీదుగా కాన్సస్ సిటీ వెళ్లాడు. దారి పొడుగునా కలిసినవాళ్లందరితో ఒకటే చర్చ. కాంట్రాక్టులు లేకుండా ప్రభుత్వమే నేరుగా మనుషులను కూలికి పెట్టుకుంటే? కాన్సస్ సిటీలో కలిసినవాళ్లలో హ్యారీ ట్రూమన్ అనే స్థానిక నాయకుడొకడు. పన్నెండేళ్ల తర్వాత ఆయన అమెరికా అధ్యక్షుడవుతాడని అప్పుడు ఎవరికీ తెలియదు. హాప్కిన్స్ సహచరుడు ఆబ్రీ విలియమ్స్‌కు అప్పుడొక ఆధారం దొరికింది. సర్కారే రోజుకూలీ పనులు ఇవ్వాలని కార్మిక నాయకుడు శామ్యూల్ గాంపర్స్ 1890ల్లోనే ప్రతిపాదించాడట. కార్మిక సంఘాలు అడ్డు చెబుతాయన్న భయం దాంతో తీరింది. సంఘాల పెద్దాయనే అన్న మాటను ఇక ఎవరు కాదంటారు!

వాషింగ్టన్ తిరిగొచ్చి రూజ్వెల్ట్‌తో కలిసి మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నాడు. ఎంతమందికి పని ఇవ్వాలని అధ్యక్షుడు అడిగాడు. డబ్బుంటే నలభై లక్షల మందికి అన్నాడు హాప్కిన్స్. రూజ్వెల్ట్ పైకే లెక్క వేసుకున్నాడు. నలభై లక్షల మందికి ఇంచుమించు 40 కోట్ల డాలర్లు. ఇక్స్ దగ్గరున్న పనుల నిధిలోంచి తీసుకోవచ్చన్నాడు. ఇన్నాళ్లుగా ఇక్స్ జాగ్రత్తగా కాపాడుకొస్తున్న డబ్బు ఒక భోజనం బల్ల దగ్గర చేయి మారిపోయింది. 

నవంబరు 9న అధ్యక్షుడి ఉత్తర్వు వెలువడింది. కొత్త సంస్థ పేరు సివిల్ వర్క్స్ అడ్మినిస్ట్రేషన్. జనం నోట సి.డబ్ల్యు.ఎ. సగం మందిని సహాయం పొందుతున్నవాళ్ల జాబితాల్లోంచి తీసుకోవాలి. మిగతా సగం పని లేని ఎవరైనా సరే. వాళ్ల అల్మారాలు ఎవరూ తెరవరు. పేదనని ఎవరూ రుజువు చేసుకోనక్కర్లేదు. పని లేకపోవడమే అర్హత.

నవంబరు 15న గవర్నర్లు, మేయర్లు వాషింగ్టన్‌లో సమావేశమయ్యారు. వెంటనే పనులు వెతికి పట్టాలి. పెద్ద నక్షాలు, యంత్రాలు అక్కర్లేనివి కావాలి. రోడ్లు, మురుగు కాల్వలు, బడి గోడలు, పార్కులు. రేపు మొదలుపెట్టి చలికాలం ముగిసేలోపు పూర్తిచేయగల పనులు. అన్నిటికన్నా పెద్ద చిక్కు కూలి పంచడం. దేశమంతటా లక్షలాది మందికి వారం వారం చెక్కులు రాసి అందించే యంత్రాంగం ఎవరికుంది? వెతికితే ఒకే ఒక శాఖకు ఉంది. మాజీ సైనికులకు పింఛన్లు పంపే శాఖ. దాని కార్యాలయాలనే వాడుకున్నారు.

నవంబరు 23న మొదటి వారం కూలి అందినవాళ్లు 8 లక్షల 14 వేల మంది. ఉత్తర్వు వచ్చి అప్పటికి సరిగ్గా రెండు వారాలు.

ఇక్కడ కాస్త ఆగాలి. మన దేశంలోనైనా, వాళ్ల దేశంలోనైనా, ఉత్తర్వు సంతకం ఆరిన పద్నాలుగో రోజుకి ఎనిమిది లక్షల మంది చేతిలో కూలి పెట్టిన సర్కారు శాఖను ఇంకొకదాన్ని చూపించండి చూద్దాం. పనిచేసిన మూడు నెలలకు కూలి ఖాతాలో పడితే సంబరపడే కాలం మనది. డిసెంబరు 15కల్లా నలభై లక్షలు పూర్తిచేస్తానన్న హాప్కిన్స్ మాట మాత్రం నిలవలేదు. ఇంకో నెల పట్టింది. జనవరి మధ్యకు పనిలో ఉన్నవాళ్లు 42 లక్షల 64 వేలు. ఈ సంస్థను పరిశీలించడానికి వచ్చిన సైనిక ఇంజనీరు జాన్ లీ తన నివేదికలో ఒక పోలిక రాశాడు. మొదటి ప్రపంచయుద్ధానికి ఏడాదిన్నరలో సైన్యంలో చేర్చుకున్నంతమందిని దాదాపుగా వీళ్లు రెండు నెలల్లో పనిలో పెట్టారని. సైనికుడి నోటి నుంచి పౌర శాఖకు ఇంతకన్నా పెద్ద మెప్పు రాదు.

అయితే అందరికీ పారలేవి? దేశమంతా ఒకేసారి తవ్వడం మొదలుపెడితే పలుగూ పారా ఎక్కడి నుంచి వస్తాయి? చాలాచోట్ల మనుషులు ముందొచ్చారు, పనిముట్లు వెనకొచ్చాయి. నవంబరు చివర్లో హికాక్ అయోవాలో ఉంది. అక్కడి నుంచి హాప్కిన్స్‌కు రాసిన జాబులో సూ సిటీ సంగతి ఉంది. పారలు చాలక, వాటి కోసం మనుషులు పిడిగుద్దులాడుకున్నారట.

జీనులు కుట్టేవాడి కొడుకు పుట్టిన ఊరు. సాయం ఇస్తే జనం సోమరులైపోతారని కాంగ్రెస్‌లోనూ పత్రికల్లోనూ వాదించినవాళ్లకు ఆ ఊరు చెప్పిన జవాబు అది. ఆ జాబు చదివినప్పుడు హాప్కిన్స్ ఏమనుకున్నాడో నాకు తెలియదు కానీ ఊహించడం కష్టం కాదు.

నాలుగున్నర నెలల్లో ఏం చేశారు? రెండున్నర లక్షల మైళ్ల రోడ్లు వేశారు, బాగుచేశారు. 40 వేల బడులను కట్టారు, మరమ్మతు చేశారు. దాదాపు 500 విమానాశ్రయాలు కొత్తగా చదును చేశారు. జీతాలివ్వలేక పల్లె బడులు మూసేస్తున్న రోజుల్లో 50 వేల మంది టీచర్లకు కూలి ఇచ్చి బడులు నడిపించారు. చిత్రకారులకూ పని దొరికింది. శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లినవాళ్లు కాయిట్ టవర్ లోపలి గోడల మీద చూసే బొమ్మలు ఆ చలికాలం నిధులతో మొదలైనవే. మన తెలుగువాళ్లు అక్కడ ఇప్పుడు వేలల్లో ఉన్నారు, సెల్ఫీలు దిగే ముందు ఆ గోడలను ఒకసారి తేరిపార చూడొచ్చు. ఆడవాళ్లకు మాత్రం ఈ పనుల్లో దక్కింది తక్కువే. పార పని మగవాళ్లది అనుకునే దేశం అది. తట్ట మోసే మన ఆడవాళ్లను చూసి ఉంటే ఏమనేవారో.

అసలు గొడవ కూలి దగ్గర వచ్చింది. దేశాన్ని మూడు మండలాలుగా విడదీసి, నైపుణ్యం లేని పనికి గంటకు దక్షిణాదిన 40 సెంట్లు, మధ్యలో 45, ఉత్తరాదిన 50 అని కట్టారు. వారానికి 30 గంటలు. అంటే అన్నిటికన్నా చిన్న కూలీకి కూడా వారానికి 12 నుంచి 15 డాలర్లు. తెల్లవాడికైనా నల్లవాడికైనా ఒకటే రేటు. దక్షిణాది పత్తి చేలల్లో పొద్దుపొడుపు నుంచి పొద్దుగూకేదాకా వంగినా ఒక డాలరు కళ్లజూడని నల్లజాతి కూలీ, సర్కారు కాల్వ దగ్గర మూడు గంటల్లో అంతకన్నా ఎక్కువ సంపాదించాడు. భూస్వాములు భగ్గుమన్నారు. మా చేలకు కూలీలు రావడం లేదు, జనాన్ని చెడగొడుతున్నారు అని. ఒక రైతు రాసిన ఇలాంటి ఫిర్యాదునే జార్జియా గవర్నరు యూజీన్ టాల్మడ్జ్ అధ్యక్షుడికి పంపించాడు. హాప్కిన్స్ వెనక్కి తగ్గలేదు. జనవరిలో జార్జియా సహాయ కార్యక్రమాన్నే రాష్ట్రం చేతుల్లోంచి తీసుకుని కేంద్రం కిందికి తెచ్చాడు.

ఈ ఫిర్యాదు మనకు ఎక్కడో విన్నట్టుంది కదూ. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైన నాటి నుంచీ మన మోతుబరుల నోట అదే పల్లవి. ఆ పథకాన్ని సీమ పల్లెల్లో ఇప్పటికీ కరువు పని అనే అంటారు. ఆ పేరు వెనక వందేళ్లకు పైబడిన జ్ఞాపకం ఉంది. 1876-78 నాటి ధాత కరువులో మద్రాసు రాజధానిలో కాల్వలు తవ్వించారు. బకింగ్‌హాం కాల్వలో కొంత భాగం అప్పటి కరువు పనే. అప్పుడు రిచర్డ్ టెంపుల్ అనే దొర కూలిని రోజుకు ఒక పౌను గింజలకు, పైన కొద్దిపాటి చిల్లరకు కుదించాడు. ఖజానా ఖర్చు పెరగకూడదు, నిజంగా చావుకు దగ్గరైనవాడే పనికి రావాలి, అది ఆయన లెక్క. ఎముకల గూళ్లలాంటి మనుషులు మన్ను మోశారు. అదే పని, అదే మన్ను. కూలి ఎంతన్నదే కరువు పనికీ సి.డబ్ల్యు.ఎ.కీ తేడా.

మళ్లీ అమెరికాకు వద్దాం. 1934 జనవరి వచ్చేసరికి సి.డబ్ల్యు.ఎ. ఖర్చు నెలకు 20 కోట్ల డాలర్లకు చేరింది. బడ్జెట్ అధికారి లూయిస్ డగ్లస్ గగ్గోలు పెట్టాడు. కొన్నిచోట్ల రాజకీయ నాయకులు మనుషులను చేర్చడంలో చేతివాటం చూపించారు. ఆ సంగతి హాప్కిన్స్ దాచలేదు, దర్యాప్తు చేయించాడు. కానీ అధ్యక్షుడి భయం వేరు. ఇది దేశానికి అలవాటైపోతుందేమో! జనవరిలోనే పని గంటలు తగ్గించారు. నగరాల్లో వారానికి 24, పల్లెల్లో 15. అంటే పల్లెల్లో కూలి సగానికి పడింది. ముందు దక్షిణాదిలో, తర్వాత ఎండలు వచ్చిన ప్రాంతాల్లో పనులు ఆపుకుంటూ వచ్చారు. ఆపొద్దని ఉత్తరాలు, ఊరేగింపులు వచ్చాయి. హాప్కిన్స్‌కు ఇష్టం లేదు. అయినా ఎదురు చెప్పకుండా, ఎంత వేగంగా తెరిచాడో అంత వేగంగా మూసేశాడు. విధేయత అనండి, బలహీనత అనండి. నాకైతే బలహీనతే అనిపిస్తుంది.

1934 మార్చి 31న సి.డబ్ల్యు.ఎ. ఆగిపోయింది. నలభై లక్షల మందిలో కొందరికి వసంతకాలం పనులు దొరికాయి. చాలామంది పాత సహాయ కార్యాలయం వరసలోకి తిరిగొచ్చారు. ఉద్యోగులు మళ్లీ ఇళ్లకు వెళ్లి అల్మారాలు తెరిపించారు.

1935 మే 6న వర్క్స్ ప్రోగ్రెస్ అడ్మినిస్ట్రేషన్ వచ్చింది. ఎనిమిదేళ్లు నడిచి 85 లక్షల మందికి పని ఇచ్చింది. దాని మొదటి అధిపతీ హ్యారీ హాప్కిన్సే. అందులో చేరాలంటే మాత్రం సాయానికి అర్హుడినని ముందు రుజువు చూపించాలి. నెల కూలి బయటి రేటు కన్నా తక్కువ.